పెదవులు కనపడని చోట

ఆ వేసవిలో నేను రోజూ పొద్దున మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోయేదాన్ని. సాయంత్రం అదే మొగుడి పక్కన కార్లో కూర్చుని ఇంటికొచ్చేదాన్ని.

మా పని అలాంటిది. తెరమీద ఎవరో పెదవులు కదిపితే చీకటి గదిలో నిలబడి వాళ్ళ మాటలు మేం మాట్లాడతాం. మావారిది బరువైన గొంతు. పోలీసు అధికారులు, కఠినమైన తండ్రులు, కత్తి తీసేముందు నవ్వే విలన్లు ఆయన వాటా. నేను మొదట్లో కథానాయికలకు చెప్పేదాన్ని, తరవాత కథానాయిక అక్కకు, ఆ తరవాత తల్లికి. అద్దం కంటే మైకు ముందే వయసు చెప్పేస్తుంది.

మా అత్తగారు హాల్లో టీవీ ముందు కూర్చుని మా ఇద్దరి మంచిచెడ్డలూ చూసేది. ఇంట్లో అడుగు పెట్టగానే, "ఏమే, ఇవాళ మధ్యాహ్నం చచ్చిపోయావు. బాగానే చచ్చావు గానీ దగ్గు ఎక్కువైంది" అనేది. కొడుకును చూసి, "నువ్వు ఇంకా బతికే ఉన్నావా? ఆ పిల్లను ఎత్తుకుపోయినందుకు ఈపాటికి నిన్ను చంపెయ్యాలే" అనేది.

ఆ ఏడు మాకొచ్చిన సినిమా ఎక్కడో చలిదేశంలో తీసింది. యాభై ఏళ్ళ ఆవిడ కథ. మొగుడు పళ్ళ డాక్టరు, మంచివాడే. కొట్టడు, తిట్టడు, తాగడు. ఒకరోజు ఆవిడ సామాన్ల సంచులతో ఇంటికొస్తూ వీధి మలుపులో ఆగిపోతుంది. సంచులు గోడవారగా పెట్టి వేరే దారిన నడిచి వెళ్ళిపోతుంది. ఒక లాండ్రీ షాపులో పనికి కుదిరి, దాని మేడమీద గది తీసుకుంటుంది. అంతే. ఇంకో మగాడు లేడు, రోగం లేదు, చావు లేదు.

"ఇంతకీ ఈవిడకొచ్చిన కష్టమేంటి?" అన్నారు మావారు మొదటిరోజు కాగితాలు తిరగేస్తూ.

"అది చెప్పడం వస్తే ఇంట్లోనే చెప్పుకునేదేమో" అన్నారు రైటరుగారు. మన భాషలో మాటలు రాసేదీ, మా చేత చెప్పించేదీ ఆయనే. పెద్దాయన. మెల్లగా మాట్లాడతారు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కళ్ళజోళ్ళుంటాయి, మూడోది వెతుక్కుంటూ ఉంటారు.

ఈ రోజుల్లో ఎవరి మాటలు వాళ్ళవి విడివిడిగా రికార్డు చేసి తరవాత అతికిస్తారు. రైటరుగారు ఈ సినిమాకి అలా చెయ్యడానికి ఒప్పుకోలేదు. "మొగుడూ పెళ్ళాల మాటలు విడివిడిగా తీస్తే ఫోన్లో మాట్లాడుకున్నట్టుంటుంది. దేవుడిచ్చిన జంట మీరున్నారు కదా, పక్కపక్కన నిలబడండి" అన్నారు. అలా నిలబడ్డాం. మైకు తెరిస్తే ఏసీ ఆపెయ్యాలి, లేకపోతే దాని మూలుగు కూడా రికార్డవుతుంది. తెరమీద మంచు కురుస్తుంటే మా వీపులమీద చెమట కారేది.

*

నాకొచ్చే పనులన్నీ మావారి ఫోనుకే వచ్చేవి. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో ఒక్కటే ఫోను ఉండేది, ఆయన ఎత్తేవారు. తరవాత ఎవరి ఫోను వాళ్ళకొచ్చినా ఆ అలవాటు పోలేదు. "మా ఆవిడ చేస్తుందండీ", "మా ఆవిడకు ఆరోజు కుదరదండీ" అని ఆయన చెప్పాక, ఓహో నాకు కుదరదన్నమాట అని నాకు తెలిసేది.

సినిమా మొదలైన వారం లోపే, టీ తాగడానికి బయటికొచ్చినప్పుడు సౌండు ఇంజినీరు నా పక్కన చేరాడు. అతన్ని అందరూ చెవి అంటారు. రెండు గదుల అవతల చెంచా కింద పడితే అది స్టీలుదో కాదో చెప్పగలడు.

"వదినా, అంత మంచి పని ఎందుకు వద్దన్నారు?" అన్నాడు.

"ఏ పని?"

"అదే, ఆ పెద్ద స్టూడియోవాళ్ళ సీరియలు. ఏడాది పొడుగునా పని. డబ్బింగ్ ఇన్‌ఛార్జిగా మీరైతేనే బాగుంటుందని వాళ్ళే అడిగారట కదా. గొంతులు ఎంచుకోవడం, చెప్పించడం అంతా మీ చేతిమీదే. అన్నయ్యేమో మీకు ఇష్టం లేదన్నాడట."

నేను కప్పు గోడమీద పెట్టాను. అంత వినగల చెవికి నా మొహం చూశాక గానీ సంగతి అర్థం కాలేదు.

"వైర్లు చుట్టాలి" అని లోపలికి పోయాడు. వైర్లు చుట్టే ఉన్నాయి.

సాయంత్రం కార్లో, రెండు సిగ్నళ్ళు దాటాక అడిగాను.

"సీరియల్ వాళ్ళు ఫోన్ చేశారా?"

"ఏ సీరియల్?"

"నాకిష్టం లేని సీరియల్."

ఆయన అద్దంలో వెనక బండిని అవసరం కంటే ఎక్కువసేపు చూశారు.

"ఓ, అదా. చెబుదామనే అనుకున్నా. నీకెందుకా తలనొప్పి? పాతికమంది ఆర్టిస్టుల్ని అదుపులో పెట్టాలి. నీకు పిల్లిని అదిలించడం కూడా రాదు."

"మనింట్లో పిల్లి లేదు."

"ఉంటే సంగతి చెప్తున్నా. పొద్దున పోతే చీకటి పడితే గానీ రాలేవు. అమ్మ సంగతేంటి? ఆవిడ మందులు, భోజనం? అయినా ఇద్దరం జంటగా చేసుకుంటున్నాం, బాగానే ఉన్నాంగా."

బాగానే ఉన్నాం. ఎలా బాగున్నామో నాకు తెలుసు. కొన్నేళ్ళుగా ఆయన గొంతు అడుగున తుప్పు పట్టింది. కింది స్వరంలో మాట మొదలుపెడితే సగంలో గీరుకుపోతుంది. రోజూ పొద్దున ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారు, స్టూడియోలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఫోన్లు నాకోసం వచ్చేవి. "ఇద్దరం వస్తాం" అని ఆయన కలిపేవారు. అది నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మా జంట ఆ మొహమాటం మీదే నడుస్తోంది. దానికి నేనెప్పుడూ అడ్డం చెప్పలేదు, ఇంటాయన కదా అనుకున్నాను.

కానీ ఈసారి వాళ్ళడిగింది నన్ను. జవాబు కూడా నాదే. దాన్ని నా నోట్లోంచి తీసి తన జేబులో వేసుకున్నారు. ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఒకటే అనుకున్నాను. ఆ పని నాకు కావాలి. ఎలాగైనా కావాలి.

*

మర్నాడు లాండ్రీ గదిలో సీను. మొగుడు వెతుక్కుంటూ వస్తాడు. ఆవిడ దుప్పటి మడతపెడుతూ, తలెత్తి, "నేను ఇంటికి రావడం లేదు" అంటుంది. నాకది అన్నం తిన్నంత తేలిక. గొంతులో కాస్త తడి పెట్టి చెప్పేశాను.

గది గాజు అద్దం అవతల కూర్చున్న రైటరుగారు బటన్ నొక్కారు. ఆయన గొంతు మా చెవుల్లోకి వచ్చింది. "ఏడుపెందుకమ్మా? ఆవిడ మొహంలో ఉందా?"

"బాధగా ఉంది కదండీ."

"బాధ ఉంది. బతిమాలడం లేదు. నువ్వు చివరి మాట పైకి లేపుతున్నావు, వాడి అనుమతి అడుగుతున్నట్టు. ఒకసారి విను."

వినిపించారు. నిజమే. వెళ్ళిపోయే మనిషి మాట్లాడినట్టు లేదు, కిటికీ వెయ్యనా అని అడిగినట్టుంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే. ఇన్నేళ్ళుగా నేను మాట్లాడిన మాటలన్నీ చివరికొచ్చేసరికి తలెత్తి ఎదుటివాడి మొహంలోకి చూస్తున్నాయని అప్పుడు వినపడింది నాకు. వంటయింది, తింటారా. వాన వచ్చేట్టుంది, గొడుగు తీసుకెళ్తారా. నాకు తలనొప్పిగా ఉంది, పడుకోనా.

"కోపంగా అను, వచ్చేస్తుంది" అన్నారు మావారు పక్కనుంచి.

"కోపం ఎక్కడుందయ్యా అక్కడ? నువ్వు మధ్యలో సలహాలివ్వకు. నీ పళ్ళు నువ్వు చూసుకో, డాక్టరువి" అన్నారు రైటరుగారు.

చెవి పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు తగ్గాక మంచినీళ్ళు తాగి, మైకు దగ్గర నిలబడి, బస్సు వెళ్ళిపోయిందా అని ఎవరో అడిగితే వెళ్ళిపోయిందని చెప్తాం చూడండి, అలా చెప్పాను.

"నేను ఇంటికి రావడం లేదు."

రైటరుగారు ఒక కళ్ళజోడు తీసి ఇంకోటి పెట్టుకున్నారు.

టీ బ్రేకులో చెవి దగ్గర నంబరు తీసుకుని, మెట్లమీద నిలబడి సీరియల్ మేనేజరుకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను.

"మీకిష్టం లేదన్నారు కదమ్మా మీవారు?" అన్నాడాయన.

"ఆయనకు ఇష్టం లేదేమోనండీ. నాకిష్టమే."

వేరేవాళ్ళను అడిగామనీ, వాళ్ళింకా ఏ సంగతీ చెప్పలేదనీ అన్నాడు. చివరికి, "సోమవారం పొద్దున వచ్చి ఒక ఎపిసోడ్ మీరు చేయించండి. మాకు నచ్చితే మీరే. నచ్చకపోతే ఏమీ అనుకోకూడదు" అన్నాడు.

"వస్తాను" అన్నాను.

వెనక్కి తిరిగితే పై మెట్టుమీద మావారున్నారు. చేతిలో రెండు టీ కప్పులు.

"ఎక్కడికి వస్తావు?"

"సోమవారం సీరియల్ వాళ్ళ దగ్గరికి."

"నన్నడక్కుండానే?"

"మీరు నన్నడిగారా?"

ఆయన ఒక కప్పు నా చేతికిచ్చి, రెండోది తాగకుండా అక్కడే పారబోసి లోపలికి వెళ్ళారు.

*

ఆ తరవాత మా ఇంట్లో మాటలు అవసరానికి మించి లేవు. ఉప్పు అందించడం, తలుపు గడియ, అత్తయ్య మందులు, అంతే. మాట్లాడుకున్నదంతా మైకు ముందే. అక్కడ మాత్రం దుమ్ము దులిపేశాం. పళ్ళ డాక్టరు, "ఏం తక్కువ చేశాను నీకు?" అని అరిస్తే స్టూడియో గోడలకు కొట్టిన దుప్పట్లు కదిలినట్టనిపించింది. "తక్కువ చేశావని నేనెప్పుడన్నాను?" అని నేనంటే మావారు నిజంగానే ఒకడుగు వెనక్కి వేశారు.

ఆయన గొంతులో తుప్పు వదిలిపోయింది. రైటరుగారు మురిసిపోయారు. "ఏమయ్యా, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావిది? అమ్మాయ్, నువ్వు ఇంట్లో ఏం పెడుతున్నావో గానీ అదే పెట్టు."

"ఏమీ పెట్టడం లేదండీ" అన్నాను.

శనివారం చివరి సీను. మొగుడు మళ్ళీ ఆ గదికి వస్తాడు. ఆవిడ కిటికీ దగ్గర మనవైపు తిరిగి ఉంటుంది. అతను ఆవిడకేసి తిరిగి, మనకు వీపు పెట్టి ఉంటాడు. అసలు సినిమాలో ఆ ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. కాసేపటికి అతను కోటు తీసుకుని మెట్లు దిగిపోతాడు. సినిమా అయిపోతుంది.

పొద్దున్నే సినిమా కొన్నవాళ్ళు ఫోన్ చేశారట. మనవాళ్ళు ఒప్పుకోరు, మొగుడు చివర్లో ఒక్క మాటైనా అనాలి అన్నారట. మా పనిలో ఇదొక వెసులుబాటు. పెదవులు కనపడితే ఆ పెదవులకు కట్టుబడి ఉండాలి. వీపు కనపడితే ఏ మాటైనా పెట్టుకోవచ్చు, ఎవరూ అడగరు. రైటరుగారు ఇష్టంలేని మొహంతో కాగితంమీద రాసిచ్చారు. "వచ్చెయ్. నువ్వు లేకపోతే నేను లేను."

దీపాలు తగ్గించారు, ఏసీ ఆపారు. నాకు ఆ సీనులో మాటల్లేవు, ఆవిడ ఊపిరి చప్పుడు ఇవ్వడం కోసం ఆయన పక్కన నిలబడ్డాను.

మొదటిసారి ఆయన విలన్ బెదిరించినట్టు చెప్పారు. "ఆవిడ కిటికీలోంచి దూకేస్తుందయ్యా" అన్నారు రైటరుగారు. రెండోసారి గొంతు గీరుకుపోయింది. "ఎవరో రాసిస్తే చదివినట్టు కాదు. చూడకుండా, మెల్లగా, దగ్గరగా. నీ మాటే అనుకో."

మావారు కాగితం పక్కన పెట్టారు. తెరమీద ఆవిడ మొహం పెద్దదిగా వెలిగింది. ఆవిడ అతని వంకే చూస్తోంది. ఆయన మైకుకు దగ్గరగా జరిగారు.

"వచ్చెయ్" అన్నారు. చాలా బాగా అన్నారు. "నువ్వు లేకపోతే... అమ్మకేం చెప్పను?"

చెవి నవ్వు మా చెవుల్లో పేలింది.

"అన్నయ్యా! పళ్ళ డాక్టరుకి ఈ సినిమాలో అమ్మ లేదు!"

రైటరుగారు కూడా నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మావారూ నవ్వారు, మెడమీద చెమట తుడుచుకుంటూ, "నోరు జారింది, నోరు జారింది" అన్నారు.

నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఏ మాటైనా పెట్టుకోగల చోట, చూడకుండా చెప్పమంటే, ఆయన చేతికి తగిలింది అది. అంతే. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. తెరమీద బొమ్మ ఆగిపోయి ఉంది. ఆవిడ ఇంకా వింటున్నట్టే ఉంది.

"అక్కడ మాట వద్దండీ" అన్నాను.

నవ్వులు ఆగాయి. "వాళ్ళు ఊరుకోరమ్మా" అన్నారు రైటరుగారు.

"ఆయనవి కనపడకపోయినా ఆవిడ పెదవులు కనపడుతున్నాయి కదా. మూసుకునే ఉన్నాయి. మొగుడు వచ్చెయ్ అని బతిమాలితే ఆవిడ ఔననో కాదనో అనాలి. అనకుండా నిలబడితే చూసేవాళ్ళకు రాయిలా కనిపిస్తుంది. ఆవిడ రాయి కాదు. ఇద్దరికీ మాట దొరకలేదు, అది చాలు."

నా మాట చివర ఎవరూ ఏమీ కలపలేదు. రైటరుగారు తెరకేసి కాసేపు చూశారు.

"వాళ్ళతో నేను మాట్లాడతాను. నువ్వు ఊపిరి ఒక్కటి ఇవ్వవయ్యా. మెట్లు దిగబోయేముందు."

మావారు నావంక చూడలేదు. మైకు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరి తీసి వదిలారు. ఒక్క టేకులో అయిపోయింది. అంత దగ్గర నిలబడి ఆయన ఊపిరి విని చాలా ఏళ్ళయింది.

*

ఆ సాయంత్రం అత్తయ్యకు మందులిస్తూ చెప్పాను. "సోమవారం పనికి వెళ్తున్నాను అత్తయ్యా. అది కుదిరితే ఇక రోజూ పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం."

"తెలుసు. వాడు చెప్పాడు. గంటసేపు నా మంచంమీద కూర్చుని, అమ్మ ఒక్కతే ఎలా ఉంటుంది, అమ్మకెవరు పెడతారు అని నాతోనే అన్నాడు, ఆ అమ్మ ఎవరో వేరే ఊళ్ళో ఉన్నట్టు."

"మీరేమన్నారు?"

"అన్నం నేను వండుకోగలను, నీకు రాకపోతే నీకూ నేర్పుతానన్నా." మాత్ర మింగి, గ్లాసు నాకివ్వకుండా చేతిలోనే ఉంచుకుంది. "మీ గొడవ మీరు పడండి. నన్ను అడ్డం పెట్టుకోవద్దు. నీకూ చెప్తున్నా. అత్తగారుంది, కుదరదు అని నువ్వు ఎంతమందితో అన్నావో నాకు వినపడలేదనుకున్నావా?"

హాల్లో టీవీ గొంతు తగ్గింది. ఆయన వింటున్నారు.

సోమవారం పొద్దున నేను తయారయ్యేసరికి ఆయన కారు తాళాలతో గుమ్మంలో ఉన్నారు.

"దింపుతాను."

"బస్సులో వెళ్తాను."

"ఎండగా ఉంది."

"ఉంది" అని మెట్లు దిగాను. ఆయన మీద కోపంతో కాదు. ఆ దారి నాకు తెలియాలి, రోజూ పోవాల్సినదాన్ని.

ఆ రోజు మొదటిసారి అద్దానికి అవతలివైపు కూర్చున్నాను. బటన్ నొక్కి మాట్లాడటం కొత్త. నా గొంతు నాకే పరాయిగా వినపడింది. "మళ్ళీ ఒకసారి చెప్తారా?" అన్నాను. ఆ ఆర్టిస్టు, "ఎందుకండీ, బాగానే ఉందిగా?" అంది. బటన్ వదిలి, మళ్ళీ నొక్కి, "మళ్ళీ చెప్పండి. రెండో మాట ముందు ఆగండి" అన్నాను. చెప్పింది. బాగా వచ్చింది. మధ్యాహ్నం దాటాక మేనేజరు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం వెళ్ళేముందు, "రేపటినుంచి వచ్చెయ్యండమ్మా" అన్నాడు.

సినిమా కొన్నవాళ్ళు కొంత గొణిగి, ఆ సీనులో మాట లేకుండానే వదిలేశారు.

వానలు మొదలయ్యేసరికి ఇంట్లో కొత్త పద్ధతులు కుదిరాయి. మావారు అన్నం వండటం నేర్చుకున్నారు. వండిన ప్రతిసారీ వాళ్ళమ్మ మార్కులు వేసేది. ఆయన ఫోను మోగడం తగ్గింది. మోగితే మొదటి రింగుకే ఎత్తేవారు. నేను చూసేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగారు. "మీ సీరియల్లో ముసలి జడ్జి ఒకడున్నాడటగా?"

"ఎవరు చెప్పారు?"

"చెవి."

"ఉన్నాడు. వచ్చే నెలనుంచి వస్తాడు."

"గొంతు దొరికిందా?"

"ఇంకా లేదు. చూస్తున్నాం."

ఆయన కంచంలో అన్నం కలిపారు. "నేనున్నాగా."

సరే అనడం ఎంతసేపు? నోటి చివరిదాకా వచ్చింది. ఆ జడ్జికి ఆయన గొంతు సరిపోతుందేమో కూడా. కానీ కింది స్వరం నిలబడుతుందో లేదో విని చూడాలి.

"వాయిస్ టెస్టుకి రావాలి" అన్నాను.

"నాకు టెస్టా?"

అత్తయ్య నమలడం ఆపింది.

"అందరికీ ఉంది."

"తీసుకునేది ఎవరు?"

"నేనే."

ఆయన మంచినీళ్ళు తాగారు. గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ నింపుకుని, అదీ తాగారు.

"ఎన్నింటికి రావాలి?"

"రేపు పదింటికి."

మర్నాడు పొద్దున నేను తల దువ్వుకుంటుంటే వెనక గదిలోంచి ఆయన గొంతు వినపడింది. "నేరం రుజువైనందున..." అని ఒకసారి పైస్వరంలో, ఒకసారి కింద. గీరుకుపోయిన చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకుంటున్నారు. అత్తయ్య కర్ర పట్టుకుని నా గుమ్మం దాకా వచ్చింది.

"ఏమైందే వీడికి? తెల్లారేసరికి ఇంట్లో కోర్టు పెట్టాడు?"

"పరీక్ష ఉంది అత్తయ్యా."

"పాసవుతాడా?"

"బాగా చెప్తే పాసవుతారు" అని చెప్పి చెప్పులు వేసుకున్నాను. ఆయనకు పదింటికి గానీ, నేను తొమ్మిదిన్నరకే అక్కడుండాలి.